బెదురు పిల్లి మచ్చికయ్యేదెలా?

గదిలో పెట్టి తలుపు వేసి కొడితే పిల్లి కూడా పులి అవుతుందని మన పెద్దలు అంటారు. ఈ సామెత మనుషుల సంగతి చెప్పడానికి పుట్టింది. అయినా పిల్లి విషయంలో కూడా ఇది అక్షరాలా నిజమే. దారి ఉన్నంతవరకు పిల్లి పారిపోవాలనే చూస్తుంది. దారి మూసుకుపోయినప్పుడే గోళ్ళు బయటికి తీస్తుంది.

మరి, పారిపోవడానికి దారి లేని చోట వారాల తరబడి ఉండవలసివచ్చిన పిల్లి మాటేమిటి? అలాంటి పిల్లికి మనిషి మీద నమ్మకం కలిగించడం సాధ్యమేనా? సాధ్యమే. దానికొక పద్ధతి ఉంది. అయితే ఆ పద్ధతిని పిల్లి కంటే ముందు మనిషి నేర్చుకోవాలి.

పిల్లుల శరణాలయాలు

లండన్ నగరంలో 1860లో దిక్కులేని కుక్కల కోసం ఒక శరణాలయం ఏర్పడింది. 1871లో అది బ్యాటర్‌సీ అనే ప్రాంతానికి మారింది. 1883 నుంచి పిల్లులను కూడా చేర్చుకోసాగింది. ఆ సంస్థ ఈనాటికీ పనిచేస్తోంది. ఇలాంటి శరణాలయాలు బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ, ఇతర దేశాల్లోనూ ఎన్నో ఉన్నాయి. యజమాని చనిపోయినా, ఇల్లు మారినా, వీధిలో తప్పిపోయినా పిల్లులు ఇక్కడికి చేరుతాయి. పెంచుకోదలచినవారు వచ్చి తమకు నచ్చిన పిల్లిని తీసుకుపోతారు.

అలా వచ్చినవారికి ఏ పిల్లి నచ్చుతుంది? బోను ముందుకు వచ్చి, తోక పైకెత్తి, చేతికి చెంప రాసే పిల్లి నచ్చుతుంది. వెనక మూలలో ముడుచుకుని కూర్చున్న పిల్లి వైపు ఎవరూ చూడరు. చూసినా, అది బుస్సుమంటే జడిసి వెళ్ళిపోతారు. రోజులు గడిచిపోతాయి. బోనులు కొన్నే. కొత్త పిల్లులు వస్తూనే ఉంటాయి. అమెరికాలో ఎన్నో శరణాలయాలు, మచ్చిక కావని తేల్చిన పిల్లులను చోటు చాలక చంపివేసేవి. ఈ పరిస్థితి చాలావరకు మెరుగుపడినా, పూర్తిగా పోలేదు. కనుక భయం పోవడమన్నది ఆ పిల్లికి ప్రాణంతో సమానమైన విషయం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పిల్లులకు జలుబు తెప్పించే వైరస్ ఒకటి ఉంది. ఒకసారి సోకితే, జబ్బు తగ్గిన తర్వాత కూడా అది శరీరంలో దాగి ఉంటుంది. పిల్లి తీవ్రమైన ఆందోళనకు లోనైనప్పుడు ఆ వైరస్ మళ్ళీ విజృంభిస్తుంది. పక్క బోనుల్లోని పిల్లులకు కూడా అంటుకుంటుంది. అంటే ఒక పిల్లి భయం మొత్తం శరణాలయానికే చేటు తేవచ్చు.

శరణాలయం ఉద్యోగులకు బోనులు కడగడం, తిండి పెట్టడం, మందులు వేయడంతోనే రోజు సరిపోతుంది. అందువల్ల బెదురు పిల్లులను మచ్చిక చేసే పనికి స్వచ్ఛంద సేవకులు ముందుకు వస్తారు. వీరిలో విద్యార్థులుంటారు, గృహిణులుంటారు, ఉద్యోగ విరమణ చేసినవారుంటారు. అందరూ పిల్లులంటే ప్రాణం పెట్టేవారే. అయితే చిక్కంతా అక్కడే వస్తుంది. పిల్లి అంటే ఇష్టమున్న మనిషి ఏం చేస్తాడు? ముద్దుగా పలకరిస్తూ, కళ్ళలోకి చూస్తూ, రెండు చేతులూ చాచి దగ్గరికి వెళతాడు. బెదిరిన పిల్లి భరించలేనివి సరిగ్గా ఈ పనులే. అందుకే వారికి ముందుగా శిక్షణ ఇస్తారు.

పిల్లికి ఎందుకంత భయం?

పిల్లిని మనం వేటాడే జంతువుగానే ఎరుగుదుము. ఎలుకకు అది యముడే. కాని దాని ఒడ్డూ పొడవూ ఆలోచించండి. మన ఇంటి పిల్లికి పూర్వీకురాలైన ఆఫ్రికా అడవిపిల్లి ఎడారి అంచుల్లో ఒంటరిగా తిరిగే చిన్న జంతువు. తోడేళ్ళు, పెద్ద గద్దలు వంటివి దానిని వేటాడేవి. అందువల్ల అపాయం తోచగానే దాక్కోవడం, పారిపోవడం దానికి పుట్టుకతో వచ్చిన లక్షణాలు. సుమారు పదివేల ఏళ్ళ కిందట పశ్చిమాసియాలో ధాన్యపు కొట్ల చుట్టూ చేరిన ఎలుకల కోసం ఇది మనిషికి దగ్గరైంది. అయినా పాత లక్షణం పోలేదు.

అపాయం ఎదురైనప్పుడు పిల్లి మెదడు నుంచి నాడుల ద్వారా అధివృక్క గ్రంథులకు ఆజ్ఞ వెళుతుంది. అవి ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కనుపాపలు పెద్దవవుతాయి. కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. జీర్ణకోశం పని మందగిస్తుంది. పరీక్ష హాల్లోకి వెళ్ళే ముందు మీకు ఇడ్లీ సహించకపోవడానికి కారణం కూడా ఇదే!

ఈ చివరి సంగతి బాగా గుర్తుంచుకోండి. బాగా బెదిరిన పిల్లి ముందు ఎంత రుచికరమైన తిండి పెట్టినా ముట్టదు. తింటున్నదంటే దాని భయం కొంత తగ్గిందని అర్థం. సేవకుల చేతిలో ఉన్న కొలబద్ద ఇదే.

ఇక శరణాలయాన్ని పిల్లి చెవులతో విని చూడండి. మనిషి చెవికి సెకండుకు 20,000 కంపనాల వరకు ఉన్న ధ్వనులే వినిపిస్తాయి. పిల్లికి 60,000 పైచిలుకు కంపనాల ధ్వని కూడా వినిపిస్తుంది. ఇనుప తలుపుల కిర్రు, కుక్కల అరుపులు, పళ్ళేల చప్పుడు దాని చెవులకు ఎంత బాధాకరమో ఊహించండి. దీనికి తోడు ఫినాయిల్ వంటి మందుల వాసన, తెలియని జంతువుల వాసన. దాని సొంత వాసన మాత్రం ఎక్కడా ఉండదు.

2014లో నెదర్లండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక చిన్న పరిశోధన ఫలితాలను ప్రకటించారు. ఒక శరణాలయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులలో కొన్నింటి బోనుల్లో దాక్కోవడానికి పెట్టెలు పెట్టారు. మిగిలినవాటికి పెట్టలేదు. పెట్టె ఉన్న పిల్లులు మొదటి మూడు నాలుగు రోజుల్లోనే చాలావరకు తేరుకున్నాయి. పెట్టె లేనివాటికి అంతకంటే ఎక్కువ రోజులు పట్టింది. దాక్కోనిస్తే పిల్లి ఎప్పటికీ బయటికి రాదని చాలామంది అనుకుంటారు. కాని ఈ పరిశోధనలో దాక్కునే చోటు ఉన్నవే త్వరగా కుదుటపడ్డాయి. ఒక అట్టపెట్టె చేసిన మేలు చూశారా!

పసితనంలో దాటిపోయే వారాలు

పిల్లులన్నీ ఒకే కారణంతో భయపడవు. దీనికి మూలం వాటి పసితనంలో ఉంది.

అమెరికాలో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే శాస్త్రవేత్త 1980 దశకంలో పిల్లికూనలపై ప్రయోగాలు చేసింది. కొన్ని కూనలను మూడవ వారం నుంచే రోజూ కాసేపు మనుషుల చేతుల్లో ఉంచారు. కొన్నింటిని ఏడవ వారం తర్వాత మాత్రమే పట్టుకున్నారు. మరికొన్నింటిని అసలు పట్టుకోలేదు. పెరిగిన తర్వాత చూస్తే, మొదటి జట్టు పిల్లులు మనుషుల దగ్గరికి త్వరగా వచ్చాయి. ఒళ్ళో ఎక్కువసేపు కూర్చున్నాయి. సుమారు రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు పిల్లికూన మెదడు కొత్తవారిని తేలికగా తనవారిగా స్వీకరిస్తుందని ఇలాంటి పరిశోధనల వల్ల తెలిసింది. ఆ వారాలు దాటితే అదే పని చాలా కష్టమవుతుంది.

బాలింత పిల్లి కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన ఊళ్ళలో అంటారు కదా! అటకల మీద, కట్టెల చాటున మనిషి కంటపడకుండా ఆ వారాలు గడిపిన కూన పెద్దయ్యాక మనిషిని చూసి పారిపోవడంలో వింత ఏముంది? వంశ లక్షణం కూడా కొంత ఉంది. తండ్రి పిల్లి సాధు స్వభావం గలదైతే, పిల్లలు ఆ తండ్రిని ఎన్నడూ చూడకపోయినా ధైర్యంగా ఉంటాయని ఇంగ్లండులో సాండ్రా మెక్యూన్ 1995లో ప్రకటించిన పరిశోధన తెలిపింది.

కనుక శరణాలయంలో వణుకుతున్న పిల్లులు మూడు రకాలు. మొదటిది, మనుషుల మధ్య పెరిగి కేవలం కొత్త చోటుకు బెదిరిన పిల్లి. ఇది కొద్ది రోజుల్లోనే తేరుకోవచ్చు. రెండవది, మనుషులతో అంతంతమాత్రం పరిచయం ఉన్న పిల్లి. దీనికి వారాలో నెలలో పట్టవచ్చు. మూడవది, మనుషుల స్పర్శే ఎరుగకుండా వీధిలోనో పొలాల్లోనో పెరిగి పెద్దదైన పిల్లి. దీనికి బోను ఒక నరకం. ఇలాంటి పిల్లికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, గుర్తు కోసం చెవి కొన కొద్దిగా కత్తిరించి, పట్టుకొచ్చిన చోటనే విడిచిపెట్టే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. అన్ని పిల్లులనూ మచ్చిక చేయాలనుకోవడం కూడా పొరపాటేనన్నమాట.

భయాన్ని మరిపించే శాస్త్రం

రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగం గురించి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఒక శబ్దం వినిపించి, వెంటనే తిండి పెడుతూ వస్తే, కొన్నాళ్ళకు ఆ శబ్దం వినగానే కుక్క నోట లాలాజలం ఊరుతుంది. దీనినే నిబంధిత ప్రతిచర్య అంటారు. మనిషి అడుగుల చప్పుడు వినగానే పిల్లి వణకడం కూడా ఇలా నేర్చుకున్నదే కావచ్చు. అలా నేర్చుకున్న భయాన్ని పోగొట్టవచ్చా?

1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనోవిజ్ఞానవేత్త దీనికి సమాధానం చూపింది. పీటర్ అనే మూడేళ్ళ లోపు పిల్లవాడికి కుందేలంటే హడల్. వాడు ఇష్టమైన తిండి తింటూ ఉండగా, బోనులోని కుందేలును గదిలో దూరంగా ఉంచింది. వాడు తినడం మానేయనంత దూరంలోనే సుమా! రోజురోజుకూ కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. చివరికి పీటర్ ఆ కుందేలును తన చేత్తోనే నిమిరాడు.

తర్వాతి కథలో నాయకులు పిల్లులే. 1940 దశకం చివర దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు కొన్ని పిల్లులకు బోనులో విద్యుత్తు తగిలించి భయం నేర్పాడు. ఆ తర్వాత ఎంత ఆకలిగా ఉన్నా అవి ఆ బోనులో తిండి ముట్టలేదు. ఆ గదిలోకి తెచ్చినా వణికిపోయేవి. అప్పుడాయన ఆ గదిని అంతగా పోలని వేరే గదిలో తిండి పెట్టాడు. అక్కడ తిన్నాయి. తర్వాత కొంచెం పోలిక ఉన్న గదిలో పెట్టాడు. ఇలా మెట్టు మెట్టుగా చివరికి అదే బోనులో తినేలా చేశాడు. భయం పోయింది! 1958లో ఆయన అచ్చువేసిన గ్రంథం మూలంగా ఈ పద్ధతి ఎత్తులంటే, పాములంటే విపరీతంగా భయపడే మనుషుల చికిత్సకు ఉపయోగపడింది. ఆ పిల్లులు పడిన బాధ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కాని వాటి వల్ల నేర్చుకున్న పాఠమే ఈనాడు శరణాలయాల్లోని పిల్లులకు ఉపకరిస్తోంది.

సేవకులు నేర్చుకునే పాఠాలు

మొదటి పాఠం: చూడటం. పిల్లిని ముట్టుకోకుండా, దూరం నుంచి దాని శరీరాన్ని చదవాలి. చెవులు పక్కలకు వాలాయా? కనుపాపలు నల్లగా విచ్చుకున్నాయా? తోక ఒంటికి చుట్టుకుని ఉందా? కదలకుండా పడుకున్న పిల్లిని ప్రశాంతంగా ఉందనుకోకూడదు. భయంతో కొయ్యబారి ఉండవచ్చు. గురగురలాడినంత మాత్రాన సంతోషమని కూడా చెప్పలేం. బాధలో ఉన్న పిల్లులు కూడా ఒక్కొక్కప్పుడు గురగురలాడతాయి. 1997లో స్విట్జర్లాండుకు చెందిన పరిశోధకులు ఈ లక్షణాలను బట్టి పిల్లి ఆందోళనకు 1 నుంచి 7 వరకు మార్కులు వేసే పద్ధతిని ప్రకటించారు. అది నేటికీ వాడుకలో ఉంది.

రెండవ పాఠం: కూర్చోవడం. నిలబడిన మనిషి పిల్లి కంటికి తాడిచెట్టంత కనిపిస్తాడు. అందుకని నేల మీద, పిల్లికి పక్కగా తిరిగి కూర్చోవాలి. బయటికి పోయే దారికి అడ్డం కూర్చోకూడదు. మొదటి రోజుల్లో చేయవలసిన పని ఇంతే. ఒక పుస్తకం తెచ్చుకుని మెల్లగా పైకి చదువుకోవచ్చు. పిల్లి ఆ గొంతుకు అలవాటుపడుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి వస్తే మరీ మంచిది.

మూడవ పాఠం: కళ్ళు. పిల్లుల లోకంలో కళ్ళార్పకుండా చూడటం కయ్యానికి కాలు దువ్వడమే. దీనికి బదులు చూపు పక్కకు తిప్పి, మధ్య మధ్య కళ్ళను నెమ్మదిగా సగం మూసి తెరవాలి. 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనిని పరీక్షించారు. ఇలా నెమ్మదిగా కనురెప్పలు వాల్చిన కొత్త మనిషి దగ్గరికి పిల్లులు రావడం ఎక్కువని వారు గమనించారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని మనం ఎగతాళి చేస్తాం. కాని మన ఎదుట పిల్లి కనురెప్పలు మెల్లగా వాల్చిందంటే, మనల్ని కొంత నమ్ముతున్నదని గ్రహించాలి.

నాలుగవ పాఠం: తిండి. మెత్తని కోడిమాంసం, చేప వంటి ఘుమఘుమలాడే పదార్థాలు ఇందుకు వాడతారు. పిల్లి ఎంత దూరంలో మనిషి ఉంటే తింటుందో ముందు తెలుసుకోవాలి. ఆరడుగుల దూరంలో తింటే అక్కడే మొదలుపెట్టాలి. నిశ్చింతగా తిన్న తర్వాతనే పళ్ళేన్ని ఒక జానెడు ఇటు జరపాలి. తినడం ఆపితే మళ్ళీ పాత చోటికి పోవాలి. తర్వాత పొడుగు కాడ ఉన్న చెంచాతో అందించాలి. చివరికి వేలి కొసన పెట్టాలి. ఇందులో ఒక కీలకం ఉంది. మనిషి ముందు రావాలి, తిండి వెనక రావాలి. అప్పుడే మనిషి రాక మంచికి గుర్తవుతుంది. ముందు తిండి చూపించి, తినబోతుండగా చెయ్యి వేసి పట్టుకుంటే, తిండి కూడా అపాయానికి గుర్తయి కూర్చుంటుంది!

ఐదవ పాఠం: స్పర్శ. పిల్లి చెంపల్లో, గడ్డం కింద, నుదుటి మీద వాసన గ్రంథులు ఉంటాయి. తనవైన వస్తువులకు వీటిని రాసి గుర్తు పెట్టుకుంటుంది. కనుక వేలు ముందుకు చాచి ఆగాలి. పిల్లి వచ్చి వాసన చూసి చెంప రాస్తే, అక్కడే మెల్లగా నిమరాలి. రెండు మూడు సార్లు నిమిరి చెయ్యి వెనక్కు తీసుకోవాలి. పిల్లి మళ్ళీ ముందుకు వస్తే ఇంకా కావాలన్నమాట. రాకపోతే ఆ రోజుకు చాలన్నమాట. పొట్ట మీద, తోక మొదట్లో చెయ్యి వేయకూడదు. మరీ బెదిరిన పిల్లికి మొదట మెత్తని గుడ్డ చుట్టిన పొడుగు కర్రతో చెంప నిమురుతారు.

ఆరవ పాఠం: రాయడం. ఎంతసేపు కూర్చున్నారు, ఎంత దూరంలో తిన్నది, ఏ చప్పుడుకు ఉలిక్కిపడింది అన్నవన్నీ నోటు పుస్తకంలో రాయాలి. రేపు వచ్చే సేవకుడు ఈ రోజు ఆపిన మెట్టు దగ్గరే మొదలుపెట్టాలి కదా! ఒక మనిషికి మచ్చికైన పిల్లి అందరికీ మచ్చికైనట్లు కాదు. అందుచేత తర్వాత రెండవ మనిషిని, మూడవ మనిషిని పరిచయం చేయాలి. ప్రతి కొత్త మనిషీ కొంచెం దూరం నుంచే మొదలుపెట్టాలి.

తొందరపడితే ఏమవుతుంది?

గట్టిగా పట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కాసేపటికి అదే అలవాటవుతుందని కొందరు వాదిస్తారు. నిజమే, కాసేపటికి పిల్లి పెనుగులాట మానేస్తుంది. అంతమాత్రాన భయం పోయిందనుకోకూడదు. తప్పించుకునే ఆశ వదులుకుని ఉండవచ్చు. మర్నాడు అదే మనిషిని చూడగానే మరింత లోపలికి ముడుచుకుంటుంది. పది రోజులు కష్టపడి ఎక్కిన మెట్లు పది నిమిషాల్లో జారిపోతాయి. పైగా పిల్లి కాటు చిన్నదిగా కనిపించినా, సన్నని కోరలు లోతుగా దిగి గాయం చీము పడుతుంది. అందుకే కొత్తగా చేరిన సేవకులను మొదట ధైర్యంగా ఉన్న పిల్లుల దగ్గరే పనిచేయించి, అనుభవం వచ్చాకే బెదురు పిల్లుల దగ్గరికి పంపడం మంచిది.

మీరూ గమనించండి

స్విట్జర్లాండు జంతుశాస్త్రజ్ఞుడు హెడిగర్ ఒక మంచి విషయం చెప్పాడు. ప్రతి జంతువుకూ ఒక పలాయన దూరం ఉంటుంది. అంతకంటే దగ్గరికి వెళితే అది పారిపోతుంది. మీ వీధిలో తిరిగే పిల్లిని గమనించండి. మీరు ఎన్ని అడుగుల దూరంలో ఉండగా తల ఎత్తి చూసింది? ఎన్ని అడుగుల్లో లేచి వెళ్ళిపోయింది? రోజూ ఒకే వేళకు, అది తల ఎత్తే దూరం దాటకుండా పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. పదిహేను రోజుల అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తించండి. గీత కిందికి దిగుతుందేమో చూడండి.

ఒక హెచ్చరిక. వీధి పిల్లిని పట్టుకోవడానికి మాత్రం ప్రయత్నించవద్దు. పిల్లి కరిచినా, రక్కినా రేబిస్ వచ్చే ప్రమాదం ఉంది. అలా జరిగితే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి.

పిల్లి ఎదురైతే అపశకునమని వెనక్కు తిరిగేవారు మనలో ఇంకా ఉన్నారు. ఈసారి పిల్లి మీకు ఎదురైతే దాని చెవులూ, కళ్ళూ చూడండి. అది మిమ్మల్ని చూసి బెదురుతోందేమో! ఒక్క అడుగు వెనక్కు వేసి దారి ఇవ్వండి. మచ్చికకు అదే మొదటి మెట్టు.